ఎగిరితే చాలదు, దిగాలి

ఒక కాగితపు గొట్టం, బాల్సా చెక్కతో చేసిన మూడు రెక్కలు, మొనదేలిన ముక్కు, మడతపెట్టిన ప్లాస్టిక్ పారాచూట్. అన్నీ కలిపి తూచినా పాతిక గ్రాములు మించవు. నిలబెడితే అడుగు పైన రవ్వంత పొడవు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పెన్‌రోజ్ అనే చిన్న ఊరి నుంచి ఎస్టెస్ సంస్థ 1960ల నుంచీ అమ్ముతున్న ‘ఆల్ఫా’ రాకెట్ కిట్టు ఇదే. దీనికి సరిపడే మోటార్లలో పెద్దది అమర్చి మీట నొక్కితే సుమారు 300 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. పైకి చేరాక పారాచూట్ విప్పుకుని దిగివస్తుంది. కాలిపోయిన మోటారు తీసి కొత్తది పెడితే మళ్లీ ఎగురుతుంది.

చూడటానికి బొమ్మే. కానీ శ్రీహరికోట నుంచి లేచే భారీ వాహనానికి వర్తించే భౌతిక సూత్రాలే దీనికీ వర్తిస్తాయి. పన్నెండేళ్ల పిల్లల చేతికి దీన్ని ధైర్యంగా ఇవ్వగలుగుతున్నారంటే, దాని వెనక డెబ్భై ఏళ్ల కిందట కొందరు చేసిన ఆలోచన ఉంది.

చెప్పుల దుకాణంలో పుట్టిన రాకెట్

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. ఆ తర్వాత అమెరికా కుర్రకారుకు రాకెట్లే లోకమయ్యాయి. గ్యారేజీల్లో, ఇంటి కింది గదుల్లో రసాయనాలు కలిపి ఇనుప గొట్టాల్లో కూరి నిప్పంటించేవారు. లోహపు గొట్టం పేలితే ముక్కలు తూటాల్లా దూసుకొస్తాయి. వేళ్లు పోయినవారున్నారు, చూపు పోయినవారున్నారు, ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. వెస్ట్ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్లో హోమర్ హికమ్ అనే కుర్రవాడి తొలి ప్రయోగం వాళ్లమ్మ గులాబీ తోట కంచెను పేల్చేసింది. అతను, స్నేహితులు పట్టు వదలకుండా నేర్చుకుని 1960లో జాతీయ సైన్స్ పోటీలో పతకం సాధించారు. హికమ్ పెద్దయ్యాక నాసాలో ఇంజినీరయ్యాడు. ‘అక్టోబర్ స్కై’ సినిమా ఆయన కథే. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు.

ఈ ప్రమాదానికి విరుగుడు స్పుత్నిక్‌ కంటే మూడేళ్ల ముందే తయారైంది. నెబ్రాస్కా రాష్ట్రం నార్ఫోక్‌లో ఆర్విల్ కార్లైల్‌కు చెప్పుల దుకాణం ఉండేది. బాణసంచా తయారీ ఆయన సరదా. ఆయన సోదరుడు రాబర్ట్‌కు నమూనా విమానాలంటే ఇష్టం. రాకెట్ ఎలా ఎగురుతుందో ఉపన్యాసాల్లో చూపించడానికి రాబర్ట్‌కు ఒక నమూనా కావలసి వచ్చింది. 1954లో అన్నదమ్ములిద్దరూ కలిసి కాగితం, చెక్కలతో చిన్న రాకెట్ చేశారు. దాని మోటారు విడిగా ఉంటుంది. వాడిపారేసి కొత్తది పెట్టుకోవచ్చు. పారాచూట్ ఉంటుంది కాబట్టి రాకెట్ చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది.

అప్పట్లో వైట్ శాండ్స్ పరీక్షా కేంద్రంలో పనిచేసిన జి. హారీ స్టైన్, పిల్లల ఇంటి రాకెట్ల ప్రమాదాల గురించి పత్రికలో రాశారు. అది చదివిన కార్లైల్ తన నమూనాలను ఆయనకు పంపారు. తాను వెతుకుతున్న జవాబు స్టైన్‌కు వాటిలో కనిపించింది. ఇంధనం సంగతి కర్మాగారం చూసుకుంటుంది, మిగతాదంతా పిల్లలు చేస్తారు. మోడల్ రాకెట్ విద్య మొత్తం ఈ ఒక్క పని విభజన మీదే నిలబడింది. స్టైన్ 1957లోనే జాతీయ రాకెట్రీ సంఘాన్ని నెలకొల్పారు, డెన్వర్‌లో కిట్లు అమ్మే కంపెనీ పెట్టారు. గిరాకీకి తగినన్ని మోటార్లు చేయడం కష్టమైనప్పుడు వెర్న్ ఎస్టెస్ అనే యువకుడు గాలి ఒత్తిడితో నడిచే యంత్రాన్ని తయారుచేశారు. దానికి ‘మేబెల్’ అని పేరు. ఐదారు సెకన్లకు ఒక మోటారు చొప్పున బయటకు వచ్చేది. అన్నీ ఒకే కొలత, ఒకే బలం. ఎస్టెస్ 1961లో తన సంస్థను పెన్‌రోజ్‌కు మార్చారు.

మోటారు మీద రాసి ఉన్న లెక్క

మామూలు మోటారు బొటనవేలంత ఉంటుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు. దళసరి కాగితపు గొట్టంలో అడుగున బంకమట్టితో చేసిన నాజిల్, దానిపైన అదిమిన తుపాకి మందు, అంటే సురేకారం, బొగ్గు, గంధకం. దానిపైన నిదానంగా కాలే పొర, ఆపైన పారాచూట్‌ను బయటకు నెట్టే చిటికెడు మందు, చివర మట్టి మూత. లోహం ఎక్కడా ఉండదు.

మోటారు మీద ‘బి6-4’ అని ఉంటే అందులో మూడు సంగతులు ఉన్నట్టు. అక్షరం మొత్తం ప్రచోదనాన్ని చెబుతుంది. అంటే మోటారు ఎంత బలంతో, ఎంతసేపు నెడుతుందో కలిపి వేసిన లెక్క. ‘ఎ’ తరగతికి గరిష్ఠం 2.5 న్యూటన్ సెకన్లు, ‘బి’కి 5, ‘సి’కి 10. ఒక్కో అక్షరానికి రెట్టింపవుతూ పోతుంది. తర్వాతి అంకె సగటు థ్రస్ట్, అంటే నెట్టే బలం, ఇక్కడ 6 న్యూటన్లు. చివరి అంకె మోటారు మందు అయిపోయాక పారాచూట్ విచ్చుకునే దాకా పట్టే వ్యవధి, 4 సెకన్లు.

మోటారుతో కలిపి రాకెట్ బరువు 40 గ్రాములనుకుందాం. భూమి దాన్ని కిందికి లాగే బలం 0.4 న్యూటన్లు. మోటారు 6 న్యూటన్లతో నెడుతోంది, అంటే బరువుకు పదిహేను రెట్లు. 5 న్యూటన్ సెకన్లను 0.04 కిలోలతో భాగిస్తే సెకనుకు 125 మీటర్లు, గంటకు 450 కిలోమీటర్ల వేగం వస్తుంది. గాలి, గురుత్వం అడ్డుపడతాయి కనుక నిజంగా అంత వేగం అందదు. ఎంత తగ్గుతుందన్నది రాకెట్‌ను ఎంత నున్నగా, ఎంత తిన్నగా కట్టారన్నదాని మీద ఉంటుంది. మోటారు కొనుక్కున్నదే అయినా ఎత్తు మాత్రం చేతిపనిని బట్టే వస్తుంది.

కట్టే పని

ముందు మోటారు కూర్చునే లోపలి గొట్టాన్ని అతికిస్తారు. దాని పైభాగంలో ఉండే కట్టు ఉంగరం మోటారు ముందుకు దూసుకుపోకుండా ఆపుతుంది. వెనక్కు జారకుండా కొక్కెం పట్టుకుంటుంది. ఆ తర్వాత రెక్కలు. బాల్సా చెక్క ఈనెలు రెక్క ముందంచు వెంట సాగాలి. అడ్డంగా ఉంటే నేలకు తగిలినప్పుడో, వేగంలోనో రెక్క పుటుక్కున విరుగుతుంది. గొట్టం మీద నిలువుగీత తిన్నగా రావాలంటే దాన్ని తలుపు చట్రం మూలలో ఆనించి, చట్రం అంచునే స్కేలుగా వాడి గీస్తారు. రెక్కల అంచులను సాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్ది, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికిస్తారు. అది ఆరాక రెక్కా గొట్టమూ కలిసే మూలల్లో వేలితో మరో పూత సాగదీస్తారు. ఈ రెండో పూతే రెక్కకు అసలు బలం. తొందరపడి మూడు రెక్కలూ ఒకేసారి పెడితే ఒకటి పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన రెక్క రాకెట్‌ను బొంగరంలా తిప్పి, ఎత్తును తినేస్తుంది.

తిన్నగా ఎందుకు పోతుంది?

దీపావళి తారాజువ్వ నుంచి వెదురుపుల్ల తీసేసి వెలిగిస్తే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆ పుల్ల చేసే పనే ఇక్కడ రెక్కలు చేస్తాయి. గాలిలో ఎగిరే వస్తువు ఏదైనా తన గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. దానిపై గాలి చూపే బలాలన్నీ కలిసి ఒక బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు లెక్కించవచ్చు, అదే పీడన కేంద్రం. ఈ కేంద్రం గరిమనాభికి వెనక ఉంటే, రాకెట్ కాస్త వంగినా గాలే తోకను నెట్టి దారిలో పెడుతుంది. ముందుంటే చిన్న వంపు పెద్దదై రాకెట్ పల్టీలు కొడుతుంది. రెండింటి మధ్య దూరం కనీసం గొట్టం వ్యాసమంత ఉండాలన్నది ఈ విద్యలో అందరూ పాటించే నియమం.

గరిమనాభిని కనుక్కోవడం తేలిక. మోటారు పెట్టిన రాకెట్‌ను వేలి మీద నిలిపితే చాలు. పీడన కేంద్రానికి లెక్క కావాలి. నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసిన జేమ్స్ బారోమన్ 1966లో ఆ లెక్కను హైస్కూలు గణితంతో చేయగలిగేలా సులభం చేసి మోడల్ రాకెట్ ఔత్సాహికులకు అందించారు. ఈనాటి సాఫ్ట్‌వేర్‌లు కూడా బారోమన్ సూత్రాలనే పునాదిగా వాడుతున్నాయి. లెక్క రానివారికి దారం పరీక్ష ఉంది. గరిమనాభి దగ్గర దారం కట్టి తలచుట్టూ తిప్పితే ముక్కు ముందుండి పోవాలి. తోక ముందుకొస్తే ముక్కులో కొంచెం బరువు పెట్టాలి, లేదా రెక్కలు పెంచాలి.

మీట నొక్కే ముందు

రెక్కలు పనిచేయడానికి గాలి వేగం కావాలి. నేల మీద నిలబడ్డ రాకెట్‌కు ఆ వేగం ఉండదు. అందుకే దాదాపు మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ మీద దాన్ని గుచ్చుతారు. కడ్డీ చివరికి చేరేసరికి రెక్కలకు పట్టు చిక్కుతుంది. నాజిల్‌లో సన్నని తీగ ఉంటుంది. బ్యాటరీల నుంచి కరెంటు పారగానే అది ఎర్రగా కాలి మందును రాజేస్తుంది. అగ్గిపుల్లకు ఇక్కడ తావే లేదు.

అమెరికా జాతీయ రాకెట్రీ సంఘం భద్రతా నియమావళిలో ప్రతి మాటకూ కారణం ఉంది. ‘డి’ దాకా మోటార్లకు కనీసం 15 అడుగుల దూరంలో నిలబడాలి, అంతకంటే పెద్దవాటికి 30. గాలి గంటకు 32 కిలోమీటర్లు మించితే ఎగరేయకూడదు. కడ్డీ నిలువు నుంచి 30 డిగ్రీల కంటే ఎక్కువ వంచకూడదు. మీట నొక్కినా రాకెట్ లేవకపోతే బ్యాటరీని విడదీసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి. కరెంటు తీగల మీద చిక్కుకున్న రాకెట్‌ను తీయడానికి ప్రయత్నించకూడదు.

దిగే విద్య

మందు అయిపోయాక రాకెట్ ఊపు మీదే పైకి పోతుంది. ఆ వ్యవధిలో నిదానంగా కాలే పొర పొగ వదులుతుంది, కింద ఉన్నవారికి జాడ తెలుస్తుంది. శిఖరం చేరి వేగం దాదాపు సున్నా అయిన క్షణంలో పారాచూట్ విచ్చుకోవాలి. ముందే విచ్చుకున్నా, ఆలస్యమైనా రాకెట్ ఇంకా జోరుగా కదులుతుంటుంది. అప్పుడు పారాచూట్ చిరుగుతుంది, లేదా దాని తాడు గొట్టం అంచును నిలువునా కోసేస్తుంది. మోటారు మీది చివరి అంకెను అందుకే జాగ్రత్తగా ఎంచుకోవాలి. వేడి వాయువులు పారాచూట్‌ను కరిగించకుండా మధ్యలో మంటలంటని కాగితం నలిపి కూరతారు. ప్లాస్టిక్ అతుక్కోకుండా కాస్త టాల్కం పౌడరు చల్లుతారు.

గాలి లెక్కా ఉంది. 100 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 4 మీటర్ల చొప్పున దిగితే 25 సెకన్లు పడుతుంది. గాలి సెకనుకు 5 మీటర్లు వీస్తుంటే అంతలో రాకెట్ 125 మీటర్లు కొట్టుకుపోతుంది. పారాచూట్ మధ్యలో రంధ్రం కత్తిరిస్తే త్వరగా దిగుతుంది, అంత దూరం పోదు. వర్జీనియాలో ఏటా ముగిసే అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్‌లో విద్యార్థులకు పెట్టే పరీక్ష ఇలాంటిదే. పచ్చి కోడిగుడ్లను నిర్దేశించిన ఎత్తుకు పంపి, నిర్దేశించిన సమయంలో పగలకుండా దించాలి. అక్కడ అందరికంటే ఎత్తుకు పంపితే గెలుపు రాదు, చెప్పిన ఎత్తుకు పంపితేనే వస్తుంది.

ఎత్తు కొలవడానికి కోణమాని, స్ట్రా, దారానికి కట్టిన గుండీ చాలు. కడ్డీకి 100 మీటర్ల దూరంలో నిలబడి, శిఖరంలో ఉన్న రాకెట్‌ను స్ట్రాలోంచి చూస్తే దారం కోణం చెబుతుంది. అది 60 డిగ్రీలైతే, టాంజెంట్ విలువ 1.73 కనుక ఎత్తు 173 మీటర్లు. పదో తరగతి త్రికోణమితి ఇంత కళ్లకు కట్టినట్టు కనిపించే సందర్భాలు తక్కువ.

మన నేల మీద

పీఎస్ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. బి6 మోటారులో ఆరు గ్రాములకు లోపే. రెండింటికీ ఒక లక్షణం ఉమ్మడి, ఒకసారి అంటుకున్నాక ఆపలేం. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగరేసిన విక్రమ్-ఎస్ కూడా ఘన ఇంధనపు రాకెట్టే. భారత్‌లో ఒక ప్రైవేటు సంస్థ ప్రయోగించిన తొలి రాకెట్ అది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

మన దేశంలో తుపాకి మందు తయారీ, నిల్వ, రవాణాలు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం పరిధిలోకి వస్తాయి. అందువల్ల ఇంట్లో ఇంధనం కలపాలన్న ఆలోచనను పిల్లలు మొదట్లోనే మానుకోవాలి. తారాజువ్వల మందు విప్పి వాడటం అంతకంటే ప్రమాదం. అంతమాత్రాన రాకెట్ పాఠం ఆగిపోనక్కర్లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలితే అదీ రాకెట్టే. పైకి నెట్టేది నీటి ప్రతిచర్య. గరిమనాభి, పీడన కేంద్రం, రెక్కలు, దారం పరీక్ష, కోణం కొలత అన్నీ దానికీ వర్తిస్తాయి. గాజు సీసాలు, పగుళ్లున్న సీసాలు పనికిరావు. గాలి కొట్టేటప్పుడు ఎవరూ సీసా మీదికి వంగకూడదు, వదిలే తాడు పొడవుగా ఉండాలి. ఆట స్థలం, ఒక పంపు, చూసుకోవడానికి ఒక పెద్ద మనిషి ఉంటే చాలు. ప్రతి హైస్కూలు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడూ ఏడాదికి ఒక పూటైనా పిల్లలను మైదానానికి తీసుకెళ్లి ఈ ప్రయోగం చేయించాలి. వాళ్ల చేతే కట్టించాలి, వాళ్ల చేతే కొలిపించాలి.