పొగ యెవరిది? సుంక మెవరిది?

2026 జనవరి 1వ తేదీతో ఐరోపా సమాఖ్య సరిహద్దునందు ఒక క్రొత్త సుంకము పూర్తిగా అమలులోనికి వచ్చినది. ఇనుము ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు, ఉదజని, విద్యుచ్ఛక్తి అను ఆరు తరగతుల సరకులలో దేనిని పరదేశమునుండి తెచ్చుకొన్నను, దానిని తయారుచేయునపుడు ఎంత బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కెక్కినదో దిగుమతివర్తకుడు లెక్క చూపవలయును. ఆ లెక్కకు సరిపడు యోగ్యతాపత్రములను సమాఖ్యవద్ద వెల యిచ్చి కొనవలయును. ఆ పత్రముల విక్రయము 2027 ఫిబ్రవరిలో ప్రారంభమగుటకు ఏర్పాటై, 2026లో వచ్చిన సరకునకును వర్తించును. దీనికి వారు పెట్టిన పేరు 'సరిహద్దు కర్బన సవరణ'. సుంకమను మాట ఆ పేరులో ఎచ్చటను కానరాదు. కాని పేరు మెత్తనైనంతమాత్రమున భారము తేలిక కాదు. ఇంగ్లండును ఇట్టి విధానమునే 2027 జనవరినుండి అమలుజరుప నిశ్చయించినది.

ఈ విషయమున ఆవేశముకంటె ఆలోచన అవసరము. ఎదుటివాని వాదమును పూర్తిగ వినక ఖండించుట న్యాయము గాదు గనుక, ముందుగ దానినే విందము.

ఐరోపావారి వాదము

ఐరోపా సమాఖ్య 2005 సంవత్సరమునుండి తన కర్మాగారములపై పొగకు వెల గట్టుచున్నది. ఇన్ని టన్నుల వాయువు విడుచుటకు ఇన్ని అనుమతిపత్రములు కావలెనని నియమించి, వాని సంఖ్యను ఏటేట తగ్గించుచు వచ్చినది. అయినను ఉక్కు, సిమెంటు మొదలగు పరిశ్రమలకు పెక్కేండ్లపాటు ఆ పత్రములను ఉచితముగనే పంచిపెట్టినది. లేనిచో ఆ పరిశ్రమలు పొగకు వెల లేని దేశములకు లేచిపోవుననియు, పొగ తగ్గుటకు బదులు తావు మాత్రము మార్చుకొనుననియు భయపడినది. ఇపుడు 2026 మొదలు 2034 వరకు ఆ యుచితపత్రములను క్రమక్రమముగ తీసివేయుచు, అంతకంతకు సరిహద్దుసుంకమును పెంచుటకు నిర్ణయించినది. మా కర్మాగారము వెల చెల్లించుచుండగ మీ కర్మాగారము ఏల చెల్లింపరాదని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నలో కొంత న్యాయము లేకపోలేదు. భూగోళము వేడెక్కుచున్న మాట సత్యము. ఆ వేడిమికి మొదట బలియగువారిలో మన కోస్తారైతులును, రాయలసీమలోని మెట్టసేద్యగాండ్రును ఉన్నారు. పొగకు వెల లేనంతకాలము పొగ తగ్గదనుటయు సత్యమే. కనుక సుంకమును సుంకమైనందుననే నిందించుట మనకు తగదు. అది ఎవరివద్ద, ఏ లెక్కపై, ఎవరి బొక్కసమునకు వసూలగుచున్నదన్నదే మన ప్రశ్న.

లెక్కలోనే చిక్కు

1992లో రియో నగరమున లోకరాజ్యములు చేసికొన్న ఒప్పందముననుసరించి, ఏ దేశపు నేలపై పొగ లేచునో ఆ దేశపు ఖాతాలోనే అది వ్రాయబడుచున్నది. వినుటకు ఇది సహజముగ తోచును. కాని వర్తకము లోకమంతట వ్యాపించిన కాలమున ఈ పద్దు సగము సత్యమునే చెప్పును. ఒక దేశమున కరగిన ఉక్కు మరియొక దేశమున భవనమై నిలుచును. పొగ మొదటి దేశపు పద్దున చేరును; భవనము రెండవ దేశమువారి సుఖమునకు చేరును. రెండవ దేశమువారు తమ కొలుములు చల్లార్చుకొని, కావలసిన ఉక్కును కొని తెచ్చుకొని, మా గాలి నిర్మలమైనదని చాటుకొనవచ్చును.

ఇది ఊహ కాదు. గ్లెన్ పీటర్స్ మొదలగు పరిశోధకులు 2011లో ప్రకటించిన గణనము ప్రకారము, వర్తకముద్వారా వర్ధమానదేశములనుండి సంపన్నదేశముల వాడుకకు నికరముగ మరలిన బొగ్గుపులుసు వాయువు 1990లో 40 కోట్ల టన్నులు. 2008 నాటికి 160 కోట్ల టన్నులు. 1997 నాటి క్యోటో ఒడంబడికవలన సంపన్నదేశములు తగ్గించుకొన్నామని చెప్పుకొన్న మొత్తమును ఈ బదిలీ మించిపోయినదని వారు చూపిరి. పశ్చిమ ఐరోపా దేశములు వాడుకనుబట్టి లెక్కించినపుడు నేలనుబట్టి లెక్కించినప్పటికంటె ఎక్కువ పొగకు బాధ్యులగుదురు.

మరి ఈ సుంకమువలన భారము వాడుకొన్న ఐరోపావానిపైననే పడును గదా, మీరు కోరిన న్యాయము నెరవేరినట్లే గదా యని వారు సమాధానము చెప్పుదురు. ఈ సమాధానము చతురమైనదే గాని నిండైనది కాదు. సుంకము చెల్లించు చేయి ఒకటి, భారము మోయు వీపు వేరొకటి. అమ్మువారు పలువురై, కొనువాడు బలవంతుడైనచోట, ఆ కొనువాడు సుంకమును ధరలోనుండి తగ్గించి యడుగును. అమ్మువాడు ఒప్పుకొనక తప్పదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. వసూలైన సొమ్ము ఐరోపా బొక్కసములకే పోవును. ఏ దేశపు సరకుపై అది వసూలైనదో ఆ దేశపు కొలిమిని శుభ్రపరచుటకు అది మరలవలెనను విధి ఆ శాసనమున లేదు. నిరుపేద దేశములకును ఇందు మినహాయింపు లేదు. పొగను తగ్గించుటయే పరమోద్దేశమైనచో, పొగ లేచుచోటికే ధనము పోవలయును గదా!

పాత కథ, క్రొత్త వేషము

సమానత్వమను పేరిట భారతీయులపై పన్ను వేయుట మనకు నూతనానుభవము గాదు. 1894లో భారత ప్రభుత్వము ఆదాయమునకై విదేశపు నూలుబట్టలపై నూటికి 5 వంతుల దిగుమతిసుంకము విధింపగనే లాంకషైరు మిల్లుదారులు గగ్గోలుపెట్టిరి. వారిని తృప్తిపరచుటకై మన మిల్లుల సన్ననూలుపైనను ఎక్సైజు సుంకము వేయబడినది. అదియు చాలకపోయెను. 1896లో విదేశపు బట్టపై సుంకమును నూటికి మూడున్నరకు తగ్గించి, మన మిల్లుబట్టపై సరిగ్గా మూడున్నరయే విధించిరి. త్రాసు రెండువైపుల సమముగ నున్నదనిరి! పుట్టి పెరిగిన పరిశ్రమను, పొత్తిళ్లలోని పరిశ్రమను ఒకే రాతితో తూచుట సమానత్వమగునా? ఈ అన్యాయమునకు వ్యతిరేకముగ మన నాయకులు ముప్పదియేండ్లు పోరాడిన పిమ్మట, 1925 డిసెంబరులో వసూలు నిలిచి, 1926లో ఆ పన్ను రద్దయినది.

ఆనాటి పన్నునకును నేటి సుంకమునకును భేదము కలదని ఒప్పుకొందము. నాడు లాంకషైరు లాభము తప్ప వేరు ఉద్దేశము లేదు. నేడు భూగోళరక్షణమను నిజమైన కార్యము వెనుక నున్నది. కాని తర్కము మాత్రము అదియే: చరిత్రను చెరిపివేసి, నేటి క్షణమున ఇరువురిని ప్రక్కప్రక్క నిలువబెట్టి, సమానముగ చెల్లింపుడనుట.

ఆ చెరిపివేసిన చరిత్ర యేమి? ఆకాశమున కెక్కిన బొగ్గుపులుసు వాయువులో చాలభాగము శతాబ్దములతరబడి అచ్చటనే యుండును. ఆవిరియంత్రము పుట్టినప్పటినుండి నేటివరకు కూడిన మొత్తములో అమెరికా సంయుక్తరాష్ట్రముల వంతు సుమారు నాల్గవభాగము. ఐరోపా సమాఖ్య దేశముల వంతు సుమారు ఆరవభాగము. లోకజనులలో ఆరింట ఒకవంతు జనమున్న భారతదేశపు వంతు నూటికి నాలుగింటిని మించదు. నేటికిని ఏటేట సగటు భారతీయుని పద్దు సుమారు 2 టన్నులు. సగటు ఐరోపావానిది అందుకు రెట్టింపుకంటె ఎక్కువ. సగటు అమెరికావానిది ఆరురెట్లకు పైన. పాత బాకీని పద్దులో చూపక, నేటి కొనుగోలుపై మాత్రము రొక్కము పెట్టుమనెడి వర్తకుని మనము ఏమందుము?

ఉక్కు కథ

మన యుక్కు సంగతి చూడుడు. 2024లో భారత ఉక్కు మంత్రిత్వశాఖ ప్రకటించిన నివేదికనుబట్టి ఒక టన్ను ఉక్కునకు మనము సగటున 2.54 టన్నుల బొగ్గుపులుసు వాయువు విడుచుచున్నాము. లోకపు సగటు 1.9 టన్నులు మాత్రమే. ఈ యంతరము మన అజాగ్రత్తవలననే కలిగినదా? కొంత అవును, కొంత కాదు.

ఖనిజములో ఇనుము ప్రాణవాయువుతో కూడియుండును. బట్టీలో కోకుబొగ్గు ఆ ప్రాణవాయువును లాగికొని బొగ్గుపులుసు వాయువై వెడలును. అనగా ఇచ్చట బొగ్గు మంటకొరకు మాత్రమే గాక, ఇనుమును విడదీయుటకును కావలసియున్నది. తుక్కుఇనుమును విద్యుత్కొలిమిలో కరగించువానికి ఈ కష్టము లేదు. వాని పొగ అల్పము. కాని తుక్కు ఎచ్చటినుండి వచ్చును? నూటయేబదియేండ్లుగ వంతెనలు, ఓడలు, రైలుపట్టాలు కట్టి పడగొట్టినవారి పెరటిలోనుండి వచ్చును. మన దేశమున తలకు ఏటికి సుమారు 100 కిలోల ఉక్కు వాడుకలో నున్నది. లోకపు సగటు అందుకు రెట్టింపునకు పైన. ఇంకను తొలి వంతెనలనే కట్టుచున్న దేశమునకు తుక్కురాశి యెక్కడిది? ఐరోపావాని నేటి నిర్మలత్వము కొంతవరకు వాని నిన్నటి పొగ పెట్టిన పెట్టుబడియే.

ఆంధ్రులకు ఈ విచారము మరింత సన్నిహితమైనది. 1966 ఉద్యమమున ముప్పదియిద్దరు ప్రాణములర్పింపగ వచ్చిన విశాఖ ఉక్కు, బట్టీలపై ఆధారపడిన కర్మాగారము. దానికి సొంత ఇనుపగనులు లేవు. కోకుబొగ్గు పెక్కుభాగము విదేశమునుండి ఓడలపై రావలయును. అట్టి కర్మాగారమును క్రొత్త పద్ధతులకు మార్చుటకు కావలసిన మూలధన మెవరు పెట్టవలెను? సుంకము దానిని శిక్షింపగలదు. దానికి క్రొత్త కొలిమి కట్టి యీయజాలదు. ఇక బోల్టులు, మరమేకులు చేయు లూధియానా చిన్న కర్మశాలల వారికి సుంకముకంటె ముందు లెక్కలే పిడుగగును. ఏ మెట్టున ఎంత వాయువు విడిచిరో చూపి, తనిఖీ చేయించి, ఋజువు పంపవలయును. ఋజువు లేనిచో సమాఖ్య తానే నిర్ణయించిన హెచ్చులెక్క వర్తించును. 2025లో సమాఖ్యవారు నిబంధనలు సడలించి, ఏటికి 50 టన్నులలోపు తెచ్చుకొను దిగుమతివర్తకులను విడిచిపెట్టిరి. ఈ సడలింపు కొలత వారి వర్తకునికి గాని మన కర్మశాలకు గాదు.

మన యింటి సంగతి

అయినను పరులను ప్రశ్నించునపుడు మన యింటి దీపము క్రింది చీకటిని దాచరాదు. భారతదేశమున లేచు పొగలో అధికభాగము ఎగుమతులకొరకు గాక మన వాడుకకొరకే లేచుచున్నది. సగటు భారతీయుని 2 టన్నుల లెక్కచాటున పట్టణపు ధనికుడు దాగికొనుచున్నాడు. దరిద్రుని ముందుంచి ధనికుని కాపాడుట దేశభక్తి యనిపించుకొనదు.

2010లో మన ప్రభుత్వము టన్ను బొగ్గుపై 50 రూపాయల రుసుము విధించి, ఆ ధనమును నిర్మలశక్తి నిధికి చేర్చుదుమన్నది. ఆ రుసుము 2016 నాటికి 400 రూపాయలైనది. పొగకు మనమే వెల గట్టి, మన కొలుములు మార్చుకొనుటకు అది చక్కని సాధనము కాదగియుండెను. కాని 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు అది రాష్ట్రముల నష్టపరిహారమునకు మరలింపబడినది, 2025లో తొలగింపబడినది. ఇచ్చట బాధ్యత ఐరోపావారిది గాదు, మనది.

కర్తవ్యము

1992 ఒప్పందపు మూడవ అధికరణము మన పక్షమున నున్నది. బాధ్యత అందరిదియైనను సమానము గాదనియు, వాతావరణరక్షణకై తీసికొను ఏకపక్షచర్యలు వర్తకమునకు మారువేషపు ఆటంకములు కారాదనియు అది చెప్పుచున్నది. ప్రపంచవర్తకసంస్థలో 1998 నాటి రొయ్యల వివాదమున భారతదేశముకూడ వాదియై, సదుద్దేశముగల నిబంధనయైనను పక్షపాతముగ అమలుజరుపరాదను తీర్పు పొందినది. కాని ఆ సంస్థ పునర్విచారణసభ 2019 డిసెంబరునుండి సభ్యులు లేక స్తంభించియున్నది. న్యాయస్థానము మూతపడియుండగ న్యాయవాదమొక్కటియే చాలదు.

కావున రెండు కార్యములు చేయవలసియున్నవి. మొదటిది బయట: ఉత్పత్తిచేసినవాడు లాభము పొందును, వాడుకొన్నవాడు సుఖము పొందును, గనుక పొగలో ఉభయులకును పాలు కలదను లెక్కను లోకసభలలో నిలబెట్టవలెను, సరిహద్దున వసూలైన సొమ్ము సరకు పుట్టిన దేశపు పరిశ్రమను మార్చుటకే మరలవలెనని పట్టుబట్టవలెను. రెండవది ఇంట: ఉత్పత్తిదేశమున చెల్లించిన కర్బనపు వెలను తమ సుంకమునుండి తగ్గింతుమని ఐరోపా శాసనమే యంగీకరించుచున్నది. అట్లయినచో మన పొగపై పన్నును మనమే వేసికొని, ఆ ధనమును మన కొలుములకు, మన సూర్యశక్తికి, పని కోల్పోవు బొగ్గుగని కూలీల బ్రతుకుతెరువునకు ఏల వెచ్చింపరాదు? 2022లో ఇంధనపొదుపు చట్టమును సవరించి, 2023లో కర్బనపత్రముల వర్తకపద్ధతిని ప్రకటించిన ప్రభుత్వము దానిని కాగితముపై నిలువనీయక, కఠినమైన పరిమితులతో నడుపవలయును. చిన్నపరిశ్రమలకు లెక్కలు కట్టు సాయమును ప్రభుత్వమే చేయవలయును.

మన బొగ్గుపై పన్ను ఎటులైనను వసూలగుచున్నది. అది పరాయి బొక్కసమునకు పోవలెనా, మన బిడ్డలకు మంచిగాలిగ మరలవలెనా అన్నది ఇపుడు మన చేతిలోని నిర్ణయము.