సన్నం వేరు, పలుచన వేరు: చేతికి తగ్గ బేస్ గిటార్

ఇళయరాజా పాటలు వింటూ పెరిగినవాళ్లకు బేస్ గిటార్ పేరు తెలియకపోయినా దాని నాదం తెలుసు. పాట అడుగున నడుస్తూ, తాళాన్నీ రాగాన్నీ కలిపి పట్టుకునే మంద్ర స్వరం అది. ఆ స్వరం మీద మనసు పడి బేస్ పట్టే పిల్లలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలోనూ ఉంటారు. ఆదివారం చర్చి ఆరాధనలో గంటన్నర, పెళ్లి ఆర్కెస్ట్రాలో మూడు గంటలు వాయించాలి. తక్కువ ధరకు దొరికిన మొదటి గిటారుతో కొంతకాలం గడిచిపోతుంది. తర్వాత ఒకనాడు నాలుగో పాటకే ఎడమచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. చిటికెన వేలు అందాల్సిన చోటికి అందదు. ‘ఎడమచేత్తో పట్టే నెక్ ఇంకాస్త సన్నగా ఉన్నది కొనాలి’ అన్న ఆలోచన అప్పుడు పుడుతుంది.

ఆలోచన సరైనదే. కానీ ఆ ‘సన్నం’ అన్న మాట దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. కాలిబాటను సన్నం అంటాం, దోసెను పలుచన అంటాం. బేస్ నెక్‌కు కూడా ఈ రెండూ వేరువేరు కొలతలు. సన్నం అంటే వెడల్పు తక్కువ, పలుచన అంటే మందం తక్కువ. వీటికి తోడు మూడోది, పొడవు. మన చేతిని కష్టపెడుతున్నది ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా కొంటే కొత్త గిటారు వస్తుంది గానీ పాత నొప్పి పోదు.

అంత పొడవు ఎందుకు?

బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రంగా, అయినా స్పష్టంగా మోగాలంటే తీగ లావుగానూ పొడవుగానూ ఉండాలి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. నేటికీ ఎక్కువ బేస్‌లది అదే కొలత. నాలుగు తీగలూ కలిసి నెక్‌ను లాగే బలం సుమారు 80 కిలోలు. ఆ లాగుడుకు కర్ర వంగిపోకుండా నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. బేస్ నెక్ మొరటుగా కనిపించడానికి కారణం ఈ బరువైన పనే.

మూడు కొలతలు

మొదటిది వెడల్పు. తీగలు తల నుంచి నెక్ మీదికి దిగేచోట ఉండే చిన్న పట్టీని నట్ అంటారు. వెడల్పును అక్కడే కొలుస్తారు. ప్రెసిషన్ బేస్‌లలో ఇది తరచుగా 41 నుంచి 44 మిల్లీమీటర్లు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో ఫెండర్ దాన్ని 38కి తగ్గించారు. 41తో పోలిస్తే తేడా మూడు మిల్లీమీటర్లేనా అనిపిస్తుంది. కానీ అరచేయి చిన్నదైనవాళ్లు లావు తీగను అందుకోవడానికి మణికట్టును ఎంత మెలిపెట్టాలో ఆ మూడు మిల్లీమీటర్లే నిర్ణయిస్తాయి.

రెండోది మందం. నెక్ వెనుక బొటనవేలు ఆనేచోట తెలిసేది ఇదే. జపాన్ కంపెనీ ఇబానెజ్ 1987లో మొదలుపెట్టిన ఎస్‌ఆర్ వరుస పలుచని నెక్‌కు పేరు తెచ్చుకుంది. అందులో ఎస్‌ఆర్300 వెడల్పు నట్ దగ్గర 38 మిల్లీమీటర్లు, నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో, అంటే ఫ్రెట్లలో, మొదటిదాని దగ్గర మందం 19.5. అది సన్నమూ, పలుచనా కూడా. అదే కంపెనీ చవక రకం జీఎస్‌ఆర్200 వెడల్పు మాత్రం 41. పేరు చూసి కొంటే మోసపోయేది ఇక్కడే.

మూడోది పొడవు. 34 అంగుళాల బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు దూరం 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల పొట్టి బేస్ మీద అది పదకొండున్నరకు దగ్గర. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాయించిన హాఫ్నర్ ఈ పొట్టి రకమే. కాకపోతే పొట్టి బేస్ మీద తీగ కాస్త వదులుగా ఉంటుంది, కింది స్వరాల్లో బిగువు తగ్గుతుంది. పొట్టిదైతే సన్నగానూ ఉంటుందని అనుకోవద్దు. ఇబానెజ్ మైక్రో పొడవు 28.6 అంగుళాలే అయినా వెడల్పు 41 మిల్లీమీటర్లే.

మీకు ఏది కావాలో మీ చేతినే అడగండి. లావు తీగకు వేళ్లు చాపినప్పుడు మణికట్టు లాగితే వెడల్పు తగ్గాలి. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తుంటే మందం తగ్గాలి. చిటికెన వేలు నాలుగో ఫ్రెట్ చేరకపోతే పొడవు తగ్గాలి. లేదా మొదటి నాలుగు ఫ్రెట్లలో ఉంగరపు వేలును చిటికెన వేలికి తోడుగా ఉంచి, మూడు వేళ్ల లెక్కతో వాయించాలి. నిలువు బేస్ వాయించేవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నది అదే, పైగా దానికి ఖర్చు లేదు.

కొనేముందు పాతదాన్ని సరిచేయించండి

నొప్పికి కారణం చాలాసార్లు నెక్ కాదు, తీగల ఎత్తు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే హాయిగా వాయించవచ్చు. నాలుగు దాటితే ఎంత పలుచని నెక్ అయినా చేతిని అలసిపోయేలా చేస్తుంది. వాతావరణం కూడా నెక్ మీద పనిచేస్తుంది. మనది వానలు తక్కువైన నేల. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. ఎండాకాలంలో గాలిలో తేమ తగ్గితే కర్ర అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు. దాంతో వాటి కొసలు బయటికి వచ్చి వేళ్లకు గుచ్చుకుంటాయి, నెక్ వంపు కూడా మారుతుంది. కొసలను ఆకురాయితో సవరించవచ్చు. వంపును ట్రస్ రాడ్‌తో సరిచేయవచ్చు, అయితే ఒక్కోసారి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. పలుచని నెక్ వాతావరణానికి ఇంకా తొందరగా స్పందిస్తుంది కాబట్టి, అది కొన్నవాళ్లు ఈ పని నేర్చుకోక తప్పదు.

బెంగళూరు ప్రయాణం

సరిచేయించాక కూడా చేయి ఒప్పుకోకపోతే అప్పుడు కొనాల్సిందే. చూడకుండా ఆర్డర్ పెట్టడం కంటే రైలెక్కడం మేలు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు వెళ్లే ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. హిందూపురం నుంచి దూరం వంద కిలోమీటర్లే. చేతిలో ఇరవై వేలుంటే మూడు వేలు తీగలకు, సర్దుబాటుకు పక్కన పెట్టి, మిగిలినదాంతోనే గిటారు వెతకండి. మెరిసే రంగుకూ అదనపు నాబ్‌లకూ డబ్బు పెట్టకండి. పికప్‌ను తర్వాత మార్చుకోవచ్చు, నెక్‌ను మార్చడం కష్టం.

వాడిన గిటారైతే బాడీ వైపు నుంచి నెక్ పొడవునా కన్ను పెట్టి చూడండి. రెండు అంచులూ సమంగా కనిపించాలి. మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వద్దు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసేచోట మరో చేత్తో నొక్కి పట్టండి. నడుమ విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. ట్రస్ రాడ్‌ను బిగించే మర తిరుగుతోందో లేదో తిప్పి చూపించమని అడగండి. ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కో స్వరం మోగించండి. చివరికి బెల్టు వేసుకుని నిలబడి చేతులు వదిలేయండి. తల బరువుకు నెక్ కిందికి వాలితే, దాన్ని మోసే పని మళ్లీ మీ ఎడమచేతిదే. అప్పుడు నెక్ ఎంత సన్నగా ఉన్నా లాభం లేదు.

ధర్మవరంలో గుంట మగ్గం మీద నేసేవాళ్ల కాళ్లు ఆ గుంటలోనే పొద్దంతా ఉండాలి. కాళ్లకు తగ్గట్టు గుంట ఉంటేనే పని సాగుతుంది. గంటల తరబడి వాయించేవాళ్లకు నెక్ కూడా అంతే.

అందుకే తీగలు మార్చే రోజు మీ పాత బేస్‌ను దగ్గరలోని లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. వెర్నియర్ కాలిపర్స్‌తో నట్ దగ్గర వెడల్పు, మొదటి ఫ్రెట్ దగ్గర మందం కొలిపించండి. ఒక చీటీ మీద రెండు వరుసలు రాయండి. పైన ఇప్పుడున్నవి: వెడల్పు 41, మందం 22, పొడవు 34 అనుకుందాం. కింద మీ చేయి అడుగుతున్నవి: 38, 20, 34. దుకాణంలో గోడనిండా గిటార్లు మెరుస్తున్నప్పుడు, ముందు ఆ చీటీ తీసి చూసుకోండి.