బోల్టు ఎంత బిగించాలి?

"బోల్టు బిగించడానికి కూడా ప్రోగ్రామెందుకండీ?" అని మా ఆవిడ నవ్వింది. హ్యూస్టన్‌లో ఒక క్లయింటుకి అది రాసేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

రెండు గొట్టాలు కలిసేచోట ఫ్లాంజిల మధ్య గాస్కెట్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టేది బోల్టు సాగినప్పుడు పుట్టే లాగుడు బలం. మనకి కావలసింది అదే. కానీ రెంచి చూపించేది తిప్పుడు బలం, అంటే టార్క్. రెండిటికీ లంకె చిన్న సూత్రమే: టార్క్ = కె × బోల్టు వ్యాసం × లాగుడు బలం.

చిక్కంతా ఆ 'కె'తోనే. పెట్టిన టార్క్‌లో దాదాపు 90 శాతం మరల దగ్గరా, నట్టు కిందా రాపిడికే పోతుంది. పొడి ఉక్కుకి కె సుమారు 0.2, మంచి గ్రీజు రాస్తే 0.13 దాకా దిగుతుంది. నేను 0.2ని డిఫాల్టుగా పెట్టేశాను. 20 మిల్లీమీటర్ల బోల్టుకి 100 కిలోన్యూటన్లు రావాలంటే 400 న్యూటన్-మీటర్లు బిగించమంది నా ప్రోగ్రాము. సైట్లో వాళ్ళు గ్రీజు రాసి మరీ అంతా బిగించారు. లెక్క వేస్తే బలం 154కి పోయింది! గాస్కెట్ నలిగి కారింది. నిజానికి 260 న్యూటన్-మీటర్లు చాలు. నీళ్ళతో ప్రెషర్ టెస్టు చేసేటప్పుడే బయటపడింది కాబట్టి సరిపోయింది. లోపల వేడి నూనె ఉండుంటే? కోడ్‌లో మాత్రం బగ్గు లేదు, మన టెస్టులన్నీ పాసే.

ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఏ గ్రీజు రాశారో చెప్పందే లెక్క కదలదు.

అన్నట్టు, ఒక బోల్టు బిగిస్తే పక్కది వదులవుతుంది. అందుకే ఎదురెదురు బోల్టులని 30, 70, 100 శాతాలుగా బిగించి, చివర్లో వరసగా చుట్టూ తిరగాలి. ఇంతా చేసినా బలం 30 శాతం అటూఇటూ ఉండొచ్చు. మరీ కీలకమైన జాయింట్లకి బోల్టు ఎంత సాగిందో నేరుగా కొలుస్తారు.