మీకు తెలుసా? పవర్ సప్లైకి గుర్తుండేది అంకెలే

సెల్‌ఫోన్ రిపేరు షాపు బల్ల మీద, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఎర్రగా, పచ్చగా అంకెలు వెలిగే పెట్టె ఒకటి కనిపిస్తుంది. ప్లగ్గులోంచి 230 వోల్టుల ఏసీ తీసుకుని, మనం అడిగినంత డీసీ ఇచ్చే బెంచ్ పవర్ సప్లై అది. దాని ముఖం మీద నాబుల పక్కనే, మనం పెట్టిన అంకెలను దాచి మళ్లీ తెచ్చిచ్చే చిన్న మెమరీ బటన్లు ఎం1, ఎం2, ఎం3 అంటూ ఉంటాయి. కొన్ని మోడళ్లలో అవి మెనూ లోపల ఉంటాయి. కొన్న కొత్తలో ఒకసారి నొక్కి చూసి, తర్వాత వాటి జోలికి వెళ్లనివాళ్లు బోలెడుమంది. నాబు తిప్పితే అయిపోయే పనికి బటన్ ఎందుకని వాళ్ల ధీమా. ఆ బటన్ల గురించి కొన్ని సంగతులు చూద్దాం.

అసలు విలువ కరెంట్ లిమిట్‌ది

ఒక్కో మెమరీలో కనీసం రెండు అంకెలు దాగుతాయి: వోల్టేజి, కరెంట్ లిమిట్. వోల్టేజి ఎంత పెట్టాలో మనకు ఎలాగూ గుర్తుంటుంది. 5 అంటే 5, 12 అంటే 12. తొందరలో మనం మరిచిపోయేది రెండోది. నిన్న మోటారు కోసం 3 ఆంపియర్లకు పెంచిన లిమిట్ అలాగే ఉండిపోతుంది. ఇవాళ అదే సప్లైకి కొత్తగా సోల్డర్ చేసిన బోర్డు తగిలిస్తాం. ఎక్కడో రెండు కాళ్ల మధ్య సోల్డర్ అంటుకుని ఉంటే ఆ 3 ఆంపియర్లూ అందులోంచే పోతాయి, బోర్డు మీది సన్నని రాగిదారి కాలిపోతుంది. లిమిట్ 0.1 ఆంపియర్ దగ్గర ఉండి ఉంటే సప్లై తనే వోల్టేజి తగ్గించేసి, సీసీ (కాన్‌స్టెంట్ కరెంట్) దీపం వెలిగించి ఊరుకునేది.

అందుకే అనుభవమున్నవాళ్లు ఒకే వోల్టేజిని రెండు చోట్ల దాచుకుంటారు. ఈఎస్‌పీ32 చిప్‌నే తీసుకోండి. దానికి 3.0 నుంచి 3.6 వోల్టుల మధ్య ఇవ్వాలి. వైఫై మొదలైనప్పుడు అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, కనీసం అర ఆంపియర్ ఇవ్వగల సప్లై ఉండాలని తయారీదారే చెబుతాడు. కొత్త బోర్డును మొదటిసారి పరీక్షించడానికి 3.3 వోల్టులు, 0.1 ఆంపియర్ ఒక మెమరీలో పెట్టండి. షార్టు లేదని తేలాక వాడుకోవడానికి 3.3 వోల్టులు, 0.6 ఆంపియర్ ఇంకో మెమరీలో ఉంచండి. మొదటి సెట్టింగులోనే ఉంచి వైఫై ఆన్ చేస్తే వోల్టేజి పడిపోయి చిప్ మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. తప్పు ప్రోగ్రాములో ఉందనుకుని రాత్రంతా దాంతో కుస్తీ పట్టేవాళ్లున్నారు.

ఇంకో మాట. పాతకాలపు అనలాగ్ సప్లైలలో కరెంట్ లిమిట్ పెట్టాలంటే రెండు వైర్ల కొసలూ కలిపి షార్ట్ చేసి, మీటరు చూస్తూ నాబు తిప్పేవాళ్లు. ఇప్పటి డిజిటల్ సప్లైలో అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉంచే ఆ అంకె పెట్టుకోవచ్చు, దాచుకోవచ్చు. మెమరీ బటన్‌కు అర్థం వచ్చింది అప్పటినుంచే.

ఫోన్ రిపేరులో 4 వోల్టులు, 1 వోల్టు

చచ్చిన ఫోన్ బల్ల మీదికి రాగానే మెకానిక్ బ్యాటరీ తీసేసి, ఆ కనెక్టరుకు సప్లై నుంచి సుమారు 4 వోల్టులు ఇస్తాడు. కళ్లు మాత్రం ఆంపియర్ల అంకె మీదే ఉంటాయి. పవర్ బటన్ నొక్కకముందు ఆ అంకె దాదాపు సున్నా ఉండాలి. వైరు తగిలించగానే కరెంటు లాగుతోందంటే బ్యాటరీ లైనులోనే షార్టు ఉన్నట్టు. బటన్ నొక్కాకే లాగి ఒకచోట ఆగిపోతే తప్పు లోపలి లైన్లలో ఎక్కడో ఉన్నట్టు. సగం రోగం ఆ అంకెల కదలికలోనే తెలిసిపోతుంది.

ఆ తర్వాత షార్టయిన భాగాన్ని వెతకాలి. అనుమానమున్న లైనులోకి తక్కువ వోల్టేజితో కరెంటు ఎక్కించి, ఏ కెపాసిటర్ వేడెక్కుతోందో చూస్తారు. బోర్డు మీద రోజిన్ పొగ పట్టిస్తే, వేడెక్కిన చోట ఆ తెల్లపొర కరిగి మచ్చ తేలుతుంది. ఇక్కడ వోల్టేజి విషయంలో బేరాల్లేవు. ప్రాసెసర్‌కు వెళ్లే లైన్లు పనిచేసేదే 1 వోల్టు చుట్టుపక్కల. అందులోకి 4 వోల్టులు పంపితే షార్టు సంగతి దేవుడెరుగు, ప్రాసెసరే పోతుంది.

ఇప్పుడు ఎం1లో 1 వోల్టు, ఎం2లో 4 వోల్టులు ఉన్నాయనుకోండి. రెండు బటన్ల మధ్య దూరం వేలెడు కూడా ఉండదు. అందుకని ఆ రెంటినీ పక్కపక్కన పెట్టకండి. ఎం1లో 1 వోల్టు, ఎం3లో 4 వోల్టులు పెట్టి, నడుమ ఎం2లో 0 వోల్టులు దాచేయండి. వేలు జారినా సున్నా దగ్గరే ఆగుతుంది. మెమరీలు నాలుగైదే ఉన్న సప్లైలో ఒకదాన్ని ఇలా వృథా చేయడమా అనిపించవచ్చు. ప్రాసెసర్ ధరతో పోల్చుకుంటే వృథా అనిపించదు.

ఆఫ్ చేసి తెచ్చుకోండి

అవుట్‌పుట్ ఆన్‌లో ఉండగా మెమరీ బటన్ నొక్కితే ఏమవుతుంది? అన్ని సప్లైలూ ఒకేలా నడుచుకోవు. కొన్ని అవుట్‌పుట్ ఆపేసి కొత్త అంకెలు తెచ్చుకుంటాయి. కొన్ని ఆపకుండానే 12 నుంచి 3.3కు దిగిపోతాయి. రైడెన్ డీపీఎస్5005 లాంటి చిన్న మాడ్యూళ్లలో ఎం0 నుంచి ఎం9 దాకా పది మెమరీలున్నాయి. వాటిలో ఎం1, ఎం2లకు మాత్రం అడ్డదారి ఉంది: ప్యానెల్ మీది బటన్‌ను రెండు సెకన్లు నొక్కిపట్టుకుంటే మెనూలోకి వెళ్లకుండానే వచ్చేస్తాయి.

అవుట్‌పుట్ ఆపకుండానే కొత్త అంకెకు దిగిపోయే సప్లైలో ఒక చిక్కుంది. అంకె మారినంత వేగంగా వోల్టేజి తగ్గదు. అవుట్‌పుట్ దగ్గర పెద్ద కెపాసిటర్ ఉంటుంది. లోడ్ ఏమీ లేకపోతే అందులోని ఛార్జి లోపలి రెసిస్టర్ గుండా మెల్లగా కారిపోవాలి. 470 మైక్రోఫారడ్ కెపాసిటరు, 1 కిలోఓమ్ రెసిస్టరు అనుకుంటే, 12 వోల్టుల నుంచి 3.3కు దిగడానికి అర సెకను పైనే పడుతుంది. మంచి సప్లైలలో ఆ ఛార్జిని లాగేసే ప్రత్యేక సర్క్యూట్ ఉంటుంది, చవక రకాల్లో దాన్ని ఆశించకండి.

ఆ కెపాసిటర్ వల్లే ఇంకో ప్రమాదం. సప్లైలో 12 వోల్టులు, 20 మిల్లీఆంపియర్ల లిమిట్ పెట్టి, అవుట్‌పుట్ ఆన్ చేసి, ఆ తర్వాత ఎల్‌ఈడీ తగిలించారనుకోండి. లిమిట్ ఉందిగా, ఎల్‌ఈడీకేం కాదనుకుంటాం. కానీ లిమిట్ సర్క్యూట్ కాపలా కాసేది కెపాసిటర్‌కు వెనకాల. ముందే నిండి ఉన్న ఛార్జి అంతా ఒక్కసారిగా ఎల్‌ఈడీలోకి దూకుతుంది. వైర్లు ముందు తగిలించాలి, అవుట్‌పుట్ తర్వాత ఆన్ చేయాలి. ఎల్లప్పుడూ ఇదే వరస.

3.3 పెడితే 3.15 అందుతుంది

మెమరీలో దాగిన 3.3 వోల్టులు సప్లై టెర్మినళ్ల దగ్గరి లెక్క. బోర్డు దాకా అవి చేరతాయన్న హామీ లేదు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరు పొడవు వెళ్లి, మీటరు పొడవు తిరిగొస్తే దాని నిరోధం దాదాపు 0.05 ఓమ్. అందులో 3 ఆంపియర్లు పారితే 0.15 వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది. బోర్డుకు అందేది 3.15. ఇక హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా సెట్టుగా దొరికే రంగురంగుల క్రొకడైల్ క్లిప్ వైర్లయితే లోపలి రాగి ఇంకా సన్నం, నష్టం ఇంకా ఎక్కువ. అలాగని మెమరీలో 3.45 పెట్టి దాచుకోకండి. లోడ్ తగ్గిన క్షణంలో ఆ 3.45 కూడా బోర్డుకే చేరుతుంది. లావు వైర్లు వాడటం, పొడవు తగ్గించడం, సప్లైకి బోర్డు దగ్గరి వోల్టేజిని చూసి సరిచేసే రిమోట్ సెన్స్ టెర్మినళ్లుంటే మరో రెండు సన్నని వైర్లు బోర్డు దాకా లాగడం, ఇవీ దారులు.

13.8 అన్ని కాలాలకూ పనికిరాదు

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని నిత్యం ఛార్జిలో ఉంచడానికి చాలామంది 13.8 వోల్టులు దాచుకుంటారు. ఆ అంకె 25 డిగ్రీల దగ్గర చెప్పింది. వేడి పెరిగేకొద్దీ ఒక్కో డిగ్రీకి సెల్‌కు 3 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. బ్యాటరీలో సెల్స్ ఆరు. మే నెలలో విజయవాడలో 42 డిగ్రీలున్న రోజున 17 డిగ్రీల తేడాకు లెక్కేస్తే 0.3 వోల్టు తగ్గించి, 13.5 దగ్గర ఉంచాలి. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి వేరువేరుగా సేవ్ చేసుకోండి. మామూలు లిథియం అయాన్ సెల్‌ను పూర్తిగా నింపే వోల్టేజి 4.2. అక్కడ అటూ ఇటూ 0.05కు మించి వెసులుబాటు లేదు.

ఒక్క రీకాల్‌తో మూడు అవుట్‌పుట్లు

హెచ్‌పీ తయారుచేసి, 1999 తర్వాత ఏజిలెంట్ పేరుతో, 2014 నుంచి కీసైట్ పేరుతో అమ్ముడైన ఈ3631ఏ సప్లైలో మెమరీలు మూడే. కానీ ఆ సప్లైకి అవుట్‌పుట్లూ మూడు: 6 వోల్టులది ఒకటి, ప్లస్ 25ది ఒకటి, మైనస్ 25ది ఒకటి. ఒక్క రీకాల్‌తో మూడింటి అంకెలూ వచ్చేస్తాయి. లాజిక్ చిప్‌లకు 5, ఆప్ ఆంప్‌లకు ప్లస్ 12, మైనస్ 12 కావలసిన బోర్డుకు ఇంతకన్నా సుఖం లేదు.

కంప్యూటర్ నుంచి కూడా ఈ పని చేయించవచ్చు. 1987లో వచ్చిన ఐఈఈఈ 488.2 ప్రమాణం సేవ్‌కు *ఎస్ఏవీ, రీకాల్‌కు *ఆర్‌సీఎల్ అని పేర్లు పెట్టింది. ఎన్నో కంపెనీల పరికరాలు ఇవాళ్టికీ ఆ మాటలకే పలుకుతాయి. అయితే *ఎస్ఏవీని ప్రోగ్రాములో లూపు లోపల రాయకండి. అంకెలు దాగే ఈఈప్రామ్ చిప్‌కు రాతల లెక్క ఉంటుంది. కొన్నింటికి లక్ష సార్లు, మరికొన్నింటికి పది లక్షల సార్లు. చేత్తో రోజుకు 20 సార్లు సేవ్ చేసినా లక్ష కావడానికి పదమూడేళ్లు దాటుతుంది. ప్రోగ్రాము సెకనుకోసారి సేవ్ చేస్తే ఆ లక్ష 28 గంటల్లో అయిపోతుంది.

ఇంకా పాత పరికరాల్లో ఈఈప్రామ్‌కు బదులు చిన్న లిథియం బ్యాటరీ మీద బతికే ర్యామ్ ఉండేది. బ్యాటరీ అయిపోతే దాచినవన్నీ మాయం. సెకండ్ హ్యాండ్‌లో పాత సప్లై కొంటే ముందు దీన్నే అడగండి.

కరెంటు పోయి వచ్చాక

ఎక్కువ సప్లైలు కరెంటు తిరిగొచ్చాక అవుట్‌పుట్ ఆఫ్‌లోనే ఉంచుతాయి. కొన్నింట్లో మాత్రం మనం కోరుకోవచ్చు. కీసైట్ ఎన్6700 వరస సప్లైలను, ఆన్ కాగానే 0వ మెమరీలో ఉన్నది తెచ్చుకునేలా పెట్టుకోవచ్చు. ఇందాకటి డీపీఎస్ మాడ్యూళ్లలో ఎస్-ఐఎన్ఐ అనే సెట్టింగు ఆన్ చేస్తే, కరెంటు రాగానే అవుట్‌పుట్ తనంతట తానే మొదలవుతుంది. మనిషి లేకుండా రాత్రంతా నడవాల్సిన పనికి అది బాగానే ఉంటుంది. చేతులు పెట్టి పనిచేసే బల్ల మీద అది వద్దే వద్దు.

మీ దగ్గర సప్లై ఉంటే ఇవాళే ఒక పని చేయండి. బోర్డులన్నీ తీసేసి, మల్టీమీటరు ఒక్కటే తగిలించి, అవుట్‌పుట్ ఆన్‌లో ఉంచి మెమరీ బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూడండి. ఏ బటన్‌కు ఎంత వోల్టేజి వచ్చింది, అవుట్‌పుట్ ఆగిందా కొనసాగిందా, లిమిట్ ఎంత చూపించిందన్నది మాస్కింగ్ టేప్ ముక్క మీద రాసి బటన్ల పైన అంటించండి.