మీకు తెలుసా? గుడిబండ మిద్దె మీద చుక్కల గుట్టు!

గుడిబండ వాళ్లు అదృష్టవంతులు! ఎందుకో తెలుసా? మొత్తం ఆకాశంలో 98 శాతం మీ మిద్దె మీదికే వస్తుంది! ఒక్క రాత్రిలో కాదు లెండి, ఏడాది తిరిగేసరికి. నమ్మకపోతే ఆకాశపటం చూపించే స్టెల్లారియం వెబ్ సైటు తెరవండి. పైసా ఖర్చు లేదు. మ్యాపులో గుడిబండ మీద గుర్తు పెట్టి, తేదీని ముందుకు జరుపుతూ పోండి. వరసకట్టి వస్తాయి చుక్కలు! పాపం, లండన్ వాళ్లకు ఐదో వంతు ఆకాశం ఊరు కదలకపోతే జన్మలో కనిపించదు.

ధ్రువ నక్షత్రం అంటే ఎక్కడో నడినెత్తిన ఉంటుందనుకుంటున్నారా? కాదు! మన దగ్గర దాని ఎత్తు సుమారు 14 డిగ్రీలే! చెయ్యి చాపి పిడికిలి బిగించండి. నేల నుంచి పిడికిలిన్నర ఎత్తు, అంతే! మే నెలలో రాత్రి 9 గంటలకు వెనక్కి తిరిగి దక్షిణం చూడండి. అక్కడ త్రిశంకు నక్షత్రమండలం! దాని అడుగు చుక్క కూడా దాదాపు అంతే ఎత్తులో! ఆ చుక్క ఢిల్లీ వాళ్లకు అసలు కనిపించదు.

ఇక పెళ్లి గుట్టు వినండి! ఫిబ్రవరి నడుమ, మధ్యాహ్నం ఒంటిగంటకు ముహూర్తం అనుకుందాం. పురోహితుడు పందిరి బయటికి తీసుకొచ్చి పైకి వేలు చూపిస్తాడు. అరుంధతి కనిపించిందా అంటాడు. ఎండకు కళ్లు చికిలిస్తూ వధూవరులిద్దరూ బుద్ధిగా తలూపుతారు. ఆ సమయానికి అరుంధతి ఆకాశంలోనే లేదు! దిగంతానికి 10 డిగ్రీల కింద ఉంటుంది! స్టెల్లారియంలో అట్మాస్ఫియర్ గుర్తు నొక్కి చూడండి. నీలం మాయం! నిజంగానే పట్టపగలు చుక్కలు చూపిస్తుంది! అరుంధతి ఉండే సప్తర్షి మండలం మాత్రం ఎక్కడా ఉండదు. ఆ రోజుల్లో అరుంధతి పైకొచ్చేసరికి రాత్రి సుమారు 9 అవుతుంది. అప్పటికి పెళ్లి భోజనాలు అరిగిపోయి ఉంటాయి! అదే మే నెల రాత్రి ముహూర్తమా? ఉత్తరాన, నడినెత్తికి సగం ఎత్తులో, వశిష్ఠుడి పక్కనే చక్కగా దొరుకుతుంది. నన్నడిగితే ముహూర్తం పెట్టేముందు ఒకసారి ఫోను చూసుకోవడం మేలు!

అన్నట్టు, వశిష్ఠ, అరుంధతి దంపతులు ఇద్దరే అనుకోకండి. మొత్తం 6 నక్షత్రాలు! వశిష్ఠుడిలో నాలుగు, అరుంధతిలో రెండు. ఉమ్మడి కుటుంబం!

స్కై మ్యాప్ యాప్ ఉందా? రాత్రి భోజనాలయ్యాక ఫోనును నేలకేసి తిప్పండి. సూర్యుడు కనిపిస్తాడు! మీ కాళ్ల కిందే, భూమికి అవతల! 12,700 కిలోమీటర్ల భూమి మందం ఆ యాప్‌కు ఒక లెక్కే కాదు! ఫోను కవరుకు అయస్కాంతం ఉంటే మాత్రం ముందు తీసేయండి. లేకపోతే ఉత్తరం పోయి తూర్పవుతుంది.

డిసెంబరు రాత్రుల్లో నడినెత్తికి దగ్గరగా చుక్కల గుంపు ఒకటుంది. అదే పిల్లలకోడి! అది ఎంత దూరం అనుకున్నారు? సుమారు 440 కాంతి సంవత్సరాలు! అంటే ఏమిటో తెలుసా? ఈ రాత్రి మీ కంట్లో పడే వెలుగు అక్కడ బయలుదేరేనాటికి విజయనగర రాజులు మన పెనుకొండ నుంచే ఏలుతున్నారు!

హిందూపురం దాటితే గౌరిబిదనూరు. అక్కడ పొలాల మధ్య 1,000 యాంటెనాలను టీ ఆకారంలో పరిచి ఒక టెలిస్కోపు కట్టారు! అద్దం లేదు, గొట్టం లేదు. చుక్కల రేడియో తరంగాలు పట్టుకోవడమే దాని పని! మబ్బు పట్టినా దానికి అడ్డు లేదు.

పొద్దుగూకాక గబగబా కదిలే పెద్ద చుక్క చూశారా? మిణుకుమనదు, చప్పుడు చెయ్యదు. అది చుక్క కాదు, లోపల మనుషులున్నారు! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం! 90 నిమిషాల్లో భూమి చుట్టేస్తుంది! రోజూ కనిపించదు. హెవెన్స్ అబవ్ సైటులో మీ ఊరు పెడితే ఏ రాత్రి, ఏ నిమిషానికి, ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే చెప్పేస్తుంది. ఆ నిమిషానికి అయిదు నిమిషాల ముందే మిద్దె ఎక్కండి. అది ఎవరి కోసమూ ఆగదు!