చాలుతుందా, చాలదా?

పరీక్షల రోజుల్లో పిల్లల పక్కన కూర్చోవడం, రాత్రి పదింటికి టీ కాచి ఇవ్వడం మనకి ఇంటర్‌తోనే అయిపోతుందనుకుంటాం కదూ? నేనూ అలాగే అనుకున్నాను. ఇంజినీరింగ్ చదివి మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మళ్ళీ పుస్తకాలు ముందేసుకుంటుందనీ, గడియారం పట్టుకుని పక్కన నేను కూర్చోవాల్సి వస్తుందనీ కల్లో కూడా అనుకోలేదు.

ఆ పరీక్ష పేరు జీమ్యాట్. బిజినెస్ స్కూళ్ళలో ఎం.బి.ఎ. వంటి చదువులకి ఇది కావాలి. మన గచ్చిబౌలిలో ఉన్న ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వాళ్ళు కూడా ఈ మార్కులు చూస్తారు. 2023 నవంబరు నుంచి దీన్ని కొత్త పద్ధతిలో పెడుతున్నారు. లెక్కలు, ఇంగ్లీషు, డేటా ఇన్‌సైట్స్ అని మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు. మా పిల్లని ఏడిపించింది ఆ మూడోదే. 20 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి రెండుంపావు నిమిషాలన్నమాట. ఒక్కో భాగానికి 60 నుంచి 90 దాకా మార్కులుంటాయి. మిగతా రెండూ బాగానే రాసి, ఇందులో 72 తెచ్చుకుంది.

ఫీజు చూస్తే ఇరవై వేల పైమాట. ఆ పైన ఇంట్లో సంబంధాల మాటలు మొదలయ్యాయి. "ఇంకొక్కసారి రాస్తానమ్మా, అప్పటికీ రాకపోతే మీరు చెప్పినట్టే వింటాను" అంది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూసి నాకు అన్నం సహించలేదు.

నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని. నాకేం తెలుస్తుందిలే అనుకుంటూనే ఒక ప్రశ్న తెలుగులో చెప్పమన్నాను. చెబితే ఆశ్చర్యం వేసింది. డేటా సఫిషియెన్సీ అనే రకం ప్రశ్నల్లో జవాబు కనుక్కోనక్కర్లేదట! ప్రశ్న ఒకటి, దాని కింద రెండు వాక్యాలు ఇస్తారు. జవాబు చెప్పడానికి మొదటిది ఒక్కటే చాలుతుందా, రెండోది ఒక్కటే చాలుతుందా, రెండూ కలిస్తేనే చాలుతాయా, దేనికదే చాలుతుందా, రెండూ కలిపినా చాలవా? అది చెబితే సరి.

ఇది మన పనే కదండీ! పాలవాడి లెక్క చూడండి. ఈ నెల పాలకి ఎంతివ్వాలి? రోజుకి లీటరు అన్నది మొదటి వాక్యం. లీటరు 60 రూపాయలన్నది రెండోది. మా అమ్మాయి ఠక్కున "రెండూ కలిపితే చాలు, 1,800" అంది. ఈ నెల 30 రోజులని ఎవరు చెప్పారు? మధ్యలో మనం ఊరెళ్ళిన నాలుగు రోజులు పాలు పోయించుకున్నామా? రెండూ కలిపినా చాలదు! దాని తప్పుల్లో సగం ఇలాంటివే. ఇవ్వనిదాన్ని ఇచ్చినట్టు ఊహించేసుకోవడం.

ఇంకో తప్పుంది. మొదటి వాక్యం మనసులో పెట్టుకునే రెండోది చదవడం. అందుకని ప్రశ్నలు కాగితం మీద తీయించి, రెండోది చదివేటప్పుడు మొదటిదాన్ని నా అరచేత్తో మూసేసేదాన్ని. నవ్వేది, కానీ పదిరోజుల్లో ఆ అలవాటు పోయింది.

"కాదు" అనే జవాబుతోనూ తిప్పలే. ఇంట్లో పంచదార రెండు కిలోలకి మించి ఉందా అని ప్రశ్న అనుకోండి. ఉన్నదంతా ఒకే డబ్బాలో ఉంది, ఆ డబ్బాలో కిలోకి మించి పట్టదు అన్నది వాక్యం. "లేదు" అని ఖాయంగా చెప్పగలం, కాబట్టి అది చాలినట్టే. మా పిల్ల "లేదు" అని వస్తే "చాలదు" అని గుర్తుపెట్టేది!

మిగతా రకాలు పట్టికలు, గ్రాఫులు, రెండు మూడు చోట్ల ఇచ్చిన సమాచారాన్ని కలిపి చూసేవి, ఒకే ప్రశ్నలో రెండు జవాబులు పట్టుకునేవి. వీటిల్లో ఒకే ప్రశ్నకి రెండు మూడు ముక్కలుంటే అన్నీ కరెక్టయితేనే మార్కు, ఒకటి తప్పినా మొత్తం పోయినట్టే. గ్రాఫు దగ్గర ముందు గీతల కేసి కాదు, పక్కన రాసిన అంకెల కేసి చూడాలి. సున్నా నుంచి మొదలుపెట్టకుండా ఏ 50 నుంచో మొదలెడితే చిన్న తేడా కూడా కొండంత కనిపిస్తుంది. శాతాలు సరేసరి. చీరల కొట్లో 20 శాతం తగ్గింపు, దాని మీద మరో 10 శాతం అంటే 30 కాదు, 28 అని మనకి తెలియదూ? వంద రూపాయల చీర 80 అయింది, ఆ 80లో పదో వంతు పోతే 72.

ఈ భాగంలో తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. అదే దానికి శత్రువైంది. అవసరం లేకపోయినా నొక్కుతూ కూర్చునేది. కోచింగ్‌లో రోజుకి వంద ప్రశ్నలు చేయమన్నారట. నేను మాత్రం పదే చెయ్యి, కానీ ప్రతి తప్పు పక్కనా ఎందుకు తప్పిందో ఒక ముక్క రాయి అన్నాను. "తొందర", "ఊహించాను", "నొక్కుతూ కూర్చున్నా" ఇవే ఆ నోటుబుక్కు నిండా. మూడు నిమిషాలైతే గరిటతో గిన్నె మీద కొట్టేదాన్ని. వదిలెయ్యి, తరవాతది చూడు! ప్రశ్నకి గుర్తు పెట్టుకుని, టైము మిగిలితే చివర్లో వెనక్కి వచ్చి మూడింటి దాకా జవాబులు మార్చుకోవచ్చు మరి.

రెండోసారి 81 వచ్చింది. బయటికొచ్చి ఫోన్ చేసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆయన మాత్రం "ఫీజు కిట్టిందా?" అన్నారు, అదీ కళ్ళు తుడుచుకుంటూనే. కాలేజీకి అప్లికేషన్ పంపింది, ఇంకా పిలుపు రాలేదు. సంబంధాల మాట ఈ ఏడాదికి ఎత్తొద్దని మా అత్తగారికి నేనే చెప్పాను.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మధ్యాహ్నాలు సీరియల్ టైములో అందులోవే చేస్తున్నాను. నిన్న అయిదు చేస్తే రెండు తప్పాయి. రెండింటి పక్కనా "ఊహించాను" అనే రాసుకోవాల్సి వచ్చింది.