ట్రాలీ లాగే విద్యుత్ ట్రాక్టరు: తిరుపతి, చిత్తూరు దారులపై ఒక లెక్క

జూన్, జూలై నెలలలో చిత్తూరు ప్రాంతపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి నింపుకొన్న ట్రాక్టర్లు బారులు తీరి నిలబడటం ఏటా కనిపించే దృశ్యం. 2025 సీజనులో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు చెల్లించేలా నిర్ణయం జరిగింది. ఇంత తక్కువ ధరకు అమ్ముడుపోయే పంటలో రవాణాకు పెట్టే ప్రతి రూపాయి రైతు మిగులులో నుండే పోతుంది. ఆ ఖర్చును విద్యుత్ ట్రాక్టరు తగ్గించగలదా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలకు ఇప్పటికే ఎదురవుతోంది. దానికి జవాబు అశ్వశక్తిలో లేదు. ట్రాలీ బరువులోను, దారి స్వభావంలోను ఉంది.

విద్యుత్ వాహనం బరువు లాగితే ఒక ఛార్జికి నడిచే దూరం బాగా తగ్గుతుందనే మాట ప్రధానంగా అమెరికా నుండి వచ్చింది. అక్కడ విహారయాత్రలకు ఇల్లు వంటి ట్రైలరును తగిలించుకొని వెళ్ళే విద్యుత్ పికప్ ట్రక్కులలో ఆ దూరం సుమారు సగానికి పడిపోతున్నట్లు పలు రోడ్డు పరీక్షలలో తేలింది. దీనికి ముఖ్య కారణం బరువు కాదు, గాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎత్తైన ట్రైలరు ముఖానికి తగిలే గాలి నిరోధమే శక్తిని హరిస్తుంది. ఈ నిరోధం వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక గంటకు 25 కిలోమీటర్లతో నడిచే ట్రాక్టరుకు అది పదహారో వంతే. అందువల్ల అక్కడి అనుభవాన్ని ఇక్కడికి యథాతథంగా అన్వయించటం పొరపాటు. ఇక్కడి ట్రాలీకి ఎదురయ్యేవి వేరే రెండు: చక్రం దొర్లటానికి నేల కలిగించే నిరోధం, దారి ఎక్కే ఎత్తు.

ఈ రెండింటినీ లెక్కించటానికి మూడు అంకెలు గుర్తుంటే చాలు. ఒక టన్ను బరువును తారురోడ్డుపై ఒక కిలోమీటరు లాగటానికి సుమారు 0.055 యూనిట్ల శక్తి కావాలి (నిరోధ గుణకం 0.02). అదే టన్నును మెత్తటి బండిబాటపై లాగితే 0.22 యూనిట్లు (గుణకం 0.08). 100 మీటర్ల ఎత్తుకు చేర్చటానికి 0.27 యూనిట్లు. అంటే కిలోమీటరు బండిబాట సుమారు 80 మీటర్ల కొండ ఎక్కటంతో సమానం. నైరుతి జల్లులు పడి బాట బురదైతే ఈ నిరోధం మరింత పెరుగుతుంది. మామిడి కోతలు సరిగ్గా ఆ రోజులలోనే సాగుతాయి.

ఇక యంత్రాల సంగతి. హైదరాబాదుకు చెందిన సెలెస్టియల్ సంస్థ 2020లో విద్యుత్ ట్రాక్టరును ప్రదర్శించింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన సోనాలికా టైగర్ ఎలక్ట్రిక్‌లో 25.5 యూనిట్ల బ్యాటరీ ఉంది. ట్రాలీ సామర్థ్యం 2 టన్నులని సంస్థ ప్రకటించింది. దుర్గాపూర్‌లోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగు పరిశోధనా సంస్థ 2023లో విడుదల చేసిన ప్రైమా ఈటీ11 గంటకు 25 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో 1.8 టన్నుల ట్రాలీని లాగేలా రూపొందింది.

పాకాల మండలంలోని ఒక మామిడి తోట నుండి దామలచెరువు మండీకి 2 కిలోమీటర్ల బండిబాట, 10 కిలోమీటర్ల తారురోడ్డు ఉన్నాయనుకుందాం. ట్రాక్టరు ఒక టన్ను, ఖాళీ ట్రాలీ 0.7 టన్ను, కాయ 1.8 టన్నులు, మొత్తం 3.5 టన్నులు. వెళ్ళేటప్పుడు 3.5 యూనిట్లు, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు 1.7 యూనిట్లు చక్రాల వద్ద కావాలి. మోటారు, గేర్లలో పోయే ఐదో వంతును కలిపితే బ్యాటరీ నుండి 6.5 యూనిట్లు ఖర్చవుతాయి. దారిలోని చిన్న మిట్టలకు మరికొంత కలిపి 8 అనుకోవటం క్షేమం. 25 యూనిట్ల బ్యాటరీలో 20 వాడుకోగలిగితే రోజుకు రెండు ట్రిప్పులు నిశ్చింతగా నడుస్తాయి. మూడోది సాహసం.

డీజిలు ట్రాక్టరుతో పోల్చినప్పుడే అసలు చిక్కు బయటపడుతుంది. అది 4 టన్నుల కాయను ఒకే ట్రిప్పులో, అదే దారిలో, దాదాపు 5 లీటర్ల డీజిలుతో చేర్చి రాగలదు. విద్యుత్ ట్రాక్టరు ఆ 4 టన్నులకు రెండు ట్రిప్పులకు పైగా తిరగాలి. ఛార్జరు నష్టంతో కలిపి 16 యూనిట్లు చాలు. లీటరు 97 రూపాయలు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 485 రూపాయల చోట 112 రూపాయలు. ఆదా ఆకర్షణీయమే. కానీ అదనపు ట్రిప్పుకు డ్రైవరు కూలి, ఎత్తుడు దింపుడు సమయం కలిపితే ఆ ఆదాలో చాలా భాగం కరిగిపోతుంది. సొంత మనిషే ట్రాక్టరు నడిపే చిన్న కమతంలో లెక్క ఒక విధంగా, కిరాయి డ్రైవరు ఉన్నచోట మరో విధంగా తేలుతుంది. ఫ్యాక్టరీ ముందు వరుసలో రోజంతా నిలిచిపోయే ట్రాక్టరుకు రెండో ట్రిప్పు అన్నదే లేదు. అక్కడ పరిమితి బ్యాటరీ కాదు, వరుస. వాణిజ్య ప్రకటనలలో ఈ వరుస ఎక్కడా కనిపించదు.

ఇదే బరువు కొండదారి పడితే లెక్క ఇంకోలా మారుతుంది. పలమనేరు నుండి చిత్తూరుకు సుమారు 40 కిలోమీటర్లు, మొగిలి ఘాట్ మీదుగా సుమారు 350 మీటర్ల దిగుడు. కూరగాయల బరువు దిగువకు, ఖాళీ ట్రాలీ ఎగువకు నడిచే దారి ఇది. పైన చెప్పిన 3.5 టన్నులతో రానుపోను 12 యూనిట్లు కావాలి. బరువు ఎగువకు, ఖాళీ దిగువకు అయితే 16 దాటుతుంది. నైసర్గిక స్వరూపం రైతు పక్షాన ఉందన్నమాట. అయితే రెండు గంటలకు పైగా ట్రాక్టరును జాతీయ రహదారిపై నడపటం మంచి పద్ధతి కాదు. అంత దూరానికి చిన్న సరకు వాహనమే తగినది. ఘాట్ అంచున ఉన్న ఊళ్ళకు మాత్రం ఈ లెక్క వర్తిస్తుంది.

ఘాట్ రోడ్డుపై విద్యుత్ వాహనం నడుస్తుందా అన్న సందేహానికి తిరుపతిలో జవాబు కళ్ళెదుటే ఉంది. 2022 బ్రహ్మోత్సవాల వేళ అలిపిరి నుండి తిరుమలకు ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. సుమారు 700 మీటర్ల ఎత్తు. బస్సు, ప్రయాణికులు కలిపి 12 టన్నులైతే కొండ ఎత్తుకే 23 యూనిట్లు. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి అందులో కొంత బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. కానీ బస్సు ఒకే చట్రం, అన్ని చక్రాలకూ బ్రేకులున్న వాహనం. ట్రాక్టరు ట్రాలీ అలా కాదు. మోటారు బ్రేకు ట్రాక్టరు వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది. బ్రేకులు లేని ట్రాలీ వెనుక నుండి నెడుతుంది. మలుపులో ట్రాక్టరు పక్కకు తిరిగి రెండూ మడతపడతాయి. డీజిలు ట్రాక్టరుకూ ఈ ప్రమాదం ఉంది. అయితే శక్తి తిరిగి వస్తుందన్న ఆశతో మోటారు బ్రేకు మీదే ఆధారపడటం విద్యుత్ ట్రాక్టరులో కొత్తగా చేరే ప్రమాదం. పైగా కొండపైన పూర్తిగా ఛార్జి చేసి బయలుదేరితే బ్యాటరీలో చోటు ఉండదు, మోటారు బ్రేకు సరిగా పట్టదు. దిగువ ప్రయాణానికి ముందు ఛార్జిని 80 శాతం వద్ద ఆపాలని, ట్రాలీకి సొంత బ్రేకులు తప్పనిసరి అని రైతుకు ముందే చెప్పాలి.

ఛార్జింగు విషయంలో సలహా క్లుప్తమే. పంపుసెట్టుకు ఇచ్చిన వ్యవసాయ కనెక్షన్‌ను వాహనానికి వాడరాదు. తగిన కనెక్షన్ గురించి తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ స్థానిక కార్యాలయంలో విచారించాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజులలో పని ముగిసిన వెంటనే కాక, బ్యాటరీ చల్లబడ్డాక, నీడలో ఛార్జి చేయాలి.

పై లెక్కలలోని నిరోధ గుణకాలు సాధారణ విలువలు. ఈ జిల్లాల ఎర్ర ఇసుక నేలల బాటలపై వాటిని కొలవటం విద్యార్థుల ప్రాజెక్టుకు చక్కగా సరిపోయే పని. ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్య లాగుడు బలాన్ని కొలిచే డైనమోమీటరు అమర్చి, ఒకే బాటను ఎండిన రోజున, వాన కురిసిన మరునాడు, ఖాళీగాను బరువుతోను నడిపి నమోదు చేయాలి. యంత్ర పరీక్షకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఈ కొలతలు చేతికి వచ్చేవరకు, రుణంతో విద్యుత్ ట్రాక్టరు కొనదలచిన రైతును అడగవలసిన మొదటి ప్రశ్నలు మూడు: బండిబాట ఎన్ని కిలోమీటర్లు, ట్రాలీలో ఎన్ని టన్నులు, ట్రాక్టరు నడిపేది ఎవరు.